కట్ అన్నాక

ఆగస్టు 3

మామయ్యకు,

నీ ఉత్తరం చేరి వారం దాటింది. జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. తిట్టుకో. ఈ వారమంతా ఒక కెమెరాతో కుస్తీ పట్టాను, అది పెట్టిన చీవాట్ల ముందు నీవి ఏపాటి?

మాకు సినిమా తీయడం నేర్పడం మొదలుపెట్టారు. డీఎస్‌ఎల్‌ఆర్ అంటారు ఈ కెమెరాని. ఫోటోలు తీసేదే, మీట ఒకటి పక్కకు జరిపితే సినిమా కూడా తీస్తుంది. బొత్తాం నొక్కగానే తెర మూల ఎర్ర చుక్క వెలుగుతుంది. వెలిగితే తీస్తున్నట్టు, మళ్ళీ నొక్కితే ఆగినట్టు. ఓస్ ఇంతేనా అనుకున్నాను. వెలుతురు కాస్త ఎక్కువైతే మొహం సున్నం కొట్టిన గోడ, తక్కువైతే బొగ్గు. దగ్గరగా తీస్తూ కంటి మీద ఫోకస్ పెడితే చెవి మసకబారుతుంది. నీకైతే పరవాలేదులే, నీ చెవులు ఎలాగూ అలంకారానికే.

క్లాసులో ఇరవై తొమ్మిది మందిమి. నలుగురేసి చొప్పున గుంపులు కట్టమన్నారు. నేనా రోజు జ్వరంతో గదిలో పడుకున్నాను. మర్నాడు వెళ్ళేసరికి ఏడు గుంపులు తయారు, మిగిలింది నేను. "ఎందులోనైనా దూరమ్మా" అన్నారు సారు. అడిగాను. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మనలేదు. ఒక్కదాన్నే తీసుకుంటాను సార్ అని చెప్పి వచ్చేశాను. నోటి దురద అంటావు కదా నువ్వు, అదే.

నా గది కిటికీ తీస్తే పక్కింటి గోడ. చేయి చాపితే తగులుతుంది. నిన్న రోజంతా నేనెన్ని మాటలు మాట్లాడానో లెక్కపెట్టాను. పదకొండు. అందులో ఆరు కెమెరాలిచ్చే గుమాస్తాతోనే.

అసలు సంగతికి వస్తున్నాను. ఎనిమిది నిమిషాల సినిమా తీయాలి. కథ రాసుకున్నాను. ఒకాయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటాడు, తొడుక్కుంటాడు, తల దువ్వుకుంటాడు, గుమ్మం దాకా వెళ్తాడు. వెళ్ళి, వెనక్కి వచ్చి, చొక్కా విప్పి మళ్ళీ వంకెకు తగిలిస్తాడు. అంతే. ఆ ఒకాయన నువ్వే. కాదనకు. ఇక్కడ నాకు ఎవరూ లేరు, ఉన్నా నీలా ఇస్త్రీ చేసేవాళ్ళు లేరు. మాటలు ఒక్కటి కూడా లేవు, నువ్వు నోరు విప్పనక్కర్లేదు.

ఉత్తరాలు ఆలస్యమవుతున్నాయి, వీడియోలో మాట్లాడుకుందామా?

నీ గుండుసూది

*

ఆగస్టు 9

గుండుసూదికి దీవెనలు.

జ్వరం వచ్చిందని ఇప్పుడు రాస్తావా? తగ్గాక రాస్తే నేనేం చేసుకోను? మందు వేసుకున్నావా, ఎవరైనా వేడినీళ్ళు ఇచ్చారా, అది రాయి ముందు. సినిమా తర్వాత.

వీడియో వద్దమ్మా. పోయినసారి మన ఇంటి కింద ఫోటో స్టూడియో ఆయన తన ఫోనులో చూపించాడు కదా. నీ పెదవులు కాసేపు కదిలి బిగుసుకుపోతాయి, మళ్ళీ ఒక్కసారిగా పరిగెడతాయి. ముప్ఫై ఏళ్ళు మరమగ్గాల షెడ్డులో ఎదుటివాడి పెదవులు చదువుకుంటూ బతికినవాణ్ణే గానీ, ఆ ఆగిపోయే పెదవులు నాకు అంతుపట్టవు. రెండేళ్ళ కిందట డాక్టరు "ఇక వినికిడి మిగల్లేదు" అని కాగితం మీద రాసిచ్చాక చెవుల మీద ఆశ వదిలేశాను. ఉత్తరమైతే పది సార్లు చదువుకుంటాను. అది ఎక్కడా బిగుసుకుపోదు.

ఇక నీ కథ. ఇస్త్రీ చేసుకున్న మనిషి వెళ్ళకుండా ఎందుకు ఆగుతాడు? వెళ్ళదలుచుకోనివాడు ఇస్త్రీ ఎందుకు చేసుకుంటాడు? రాత్రి దీని గురించే ఆలోచించి ఆలోచించి అన్నం మాడబెట్టాను. వాడికి కడుపునొప్పి అయినా పెట్టు, లేకపోతే చూసేవాళ్ళు నిన్ను తిడతారు. నటించడానికి ఒప్పుకుంటున్నాను. మీ అమ్మ నిన్ను నా చేతుల్లో పెట్టి పోయేటప్పటికి నీకు తొమ్మిదేళ్ళు. పెళ్ళీ పెటాకులూ లేని నేను ఆడపిల్లకు జడ వేయడం నేర్చుకున్నాను, గుమ్మం దాకా వెళ్ళి రావడం ఒక లెక్కా?

ఇక్కడ నా గురించి బెంగ పెట్టుకోకు. ఈ వీధిలో వాళ్ళంతా మనసెరిగిన మనుషులు. టీ కొట్టు దగ్గర నిలబడి "ఇవాళ వేడి చాలలేదు" అని లోపల అనుకుంటానో లేదో, ఆయన గ్లాసు తీసుకుని మళ్ళీ కాచి ఇస్తాడు. బస్సులో కిటికీ పక్కన చోటుంటే బాగుండుననుకుంటే ఎవరో ఒకరు లేచి ఇస్తారు. నెరిసిన తలకి ఇంత మర్యాద ఉంటుందని తెలిస్తే ఇంకా ముందే నెరిపించుకునేవాణ్ణి. పై అంతస్తు టీచరమ్మే ఎందుకో నన్ను చూసి మొహం తిప్పుకుంటోంది. మెట్ల మీద ఎదురైనప్పుడు నమస్కారం తప్ప నేనేమీ అన్నపాపాన పోలేదు. షెడ్డు మానేశాక చేరిన ఈ మిల్లులో కూడా సూపర్‌వైజరు నన్ను ఆఫీసు గది నుంచి గోడౌనులోకి మార్చాడు. కారణం చెప్పలేదు. పోనీలే, అక్కడ నేనూ నూలు బేళ్ళూ, పేచీ లేదు.

ఎప్పుడొస్తావో రాయి.

మామయ్య

*

ఆగస్టు 17

మామయ్యా,

ఇరవై ఎనిమిదిన పొద్దున దిగుతాను. కెమెరా, స్టాండు, రెండు బ్యాటరీలు మూడు రోజులకని రిజిస్టరులో సంతకం పెట్టించుకుని ఇస్తారు. రానుపోను పోగా మనకు మిగిలేది ఒకటిన్నర రోజు.

నియమాలు రాస్తున్నాను, గోడకు అంటించుకో. కొత్త చొక్కా కొనకూడదు, ఆ నీలం గళ్ళదే కావాలి. మీసం ముట్టుకోకూడదు. కెమెరా వంక చూడకూడదు. నాకోసం ఇల్లు సర్దకూడదు, ఇల్లు ఇల్లులాగే ఉండాలి.

మిగతావాళ్ళు "యాక్షన్", "కట్" అని అరుస్తారు. మనకి ఆ అరుపులతో పని లేదు కాబట్టి, నేను బొత్తాం నొక్కి, నీ ఎదురుగా వచ్చి నిలబడి చెయ్యి దించుతాను. అప్పుడు మొదలు. పిడికిలి బిగిస్తే కట్. వెనక్కి వెళ్ళి బొత్తాం నొక్కి ఆపుతాను. నీ ముందుకూ కెమెరా వెనక్కూ పరిగెత్తడమే నా పని.

వాడు ఎందుకు వెళ్ళడో నాకూ తెలియదు. తెలిస్తే సినిమా ఎందుకు తీస్తాను?

గుండుసూది

*

సెప్టెంబరు 2

తల్లీ,

క్షేమంగా చేరావా? నీ బస్సు మలుపు తిరిగాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను. కాళ్ళకు అలవాటు లేని పని పెట్టావు కదా రెండు రోజులు, నిలబడితే కదలనంటున్నాయి.

చొక్కా పద్నాలుగు సార్లు తొడిగించావు, పద్నాలుగు సార్లు విప్పించావు. గళ్ళు అరిగిపోయి తెల్ల చొక్కా అవుతుందేమో అనుకున్నాను. నేనెక్కడ నిలబడాలో నేలమీద నువ్వు అంటించిన టేపు గుర్తులు అలాగే ఉన్నాయి. ఇల్లు ఊడ్చేటప్పుడు వాటి చుట్టూ ఊడుస్తున్నాను. పొద్దున్నే పనికి వెళ్ళేటప్పుడు అప్రయత్నంగా ఆ గుర్తు మీద ఆగి, ఎవరైనా చెయ్యి దించుతారేమోనని చూస్తున్నాను. నవ్వకు.

కరెంటు పోయినప్పుడు, స్టూడియోలో ఛార్జింగుకు పెట్టిన రెండో బ్యాటరీ తేవడానికి కిందికి వెళ్ళావు చూడు, ఆ పది నిమిషాలూ నువ్వు కూచోమన్న చోటే కూచున్నాను. చొక్కా నలగనివ్వలేదు. అదీ నటనలో భాగమేనని స్టూడియో ఆయన అన్నాడు.

నువ్వెళ్ళిన రోజు సాయంత్రం టీ కొట్టుకు వెళ్ళాను. అక్కడ నిలబడి ఏదో ఆలోచించుకుంటున్నాను. ఆయన గ్లాసు నా చేతిలో పెట్టి, భుజం తట్టి, నా మొహంలోకి చూస్తూ మెల్లగా అన్నాడు, "మళ్ళీ వస్తుందిలెండి." నేనేమీ అననే లేదు. ఎలా తెలుస్తుందో వీళ్ళకి.

సరే, నేనెలా వచ్చాను సినిమాలో? ముఖస్తుతి వద్దు. మీ సారు చూశారా? తల దువ్వుకునే చోట కొంచెం ఎక్కువ చేశానేమోనని నాకొక అనుమానం ఉంది. అది తీసేయమంటే తీసేయి. గుమ్మం దగ్గర ఆగేది మాత్రం ఉంచు. అక్కడ నాకు ఏదో తెలిసినట్టు అనిపించింది, వాడెందుకు వెళ్ళడో. ఇప్పుడడిగితే చెప్పలేను.

మామయ్య

*

సెప్టెంబరు 10

మామయ్యా,

చేరాను. బాగానే ఉన్నాను. జ్వరం లేదు.

సినిమా ఇంకా పూర్తిగా చూడలేదు. కెమెరా మెమరీ కార్డులో ఏదో చిన్న తేడా వచ్చింది, సర్దుతున్నాను. ఎడిటింగ్ గది ఎలా ఉంటుందని అడిగావు కదా నేను వచ్చినప్పుడు. కిటికీలు లేని గది, గోడలకు నల్ల గుడ్డ. ఒక్కొక్కరికి ఒక తెర, ఒక కుర్చీ, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు. పక్కన కూచున్నవాడు నవ్వినా మనకు వినపడదు. అక్కడ నువ్వైతే సుఖంగా ఉంటావు.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. ఇంట్లో ఒక్కడివే ఉన్నప్పుడు ఏం చేస్తుంటావు? మిల్లులోగానీ వీధిలోగానీ ఎవరైనా నీతో తేడాగా ఉంటున్నారా? నవ్వుతున్నారా? ఈ మధ్య డాక్టరు దగ్గరికి వెళ్ళావా? ఒకసారి వెళ్ళిరారాదూ.

తింటున్నాను. వేళకే తింటున్నాను.

గుండుసూది

*

సెప్టెంబరు 16

తల్లీ,

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. ఎప్పుడూ నాలుగు పేజీలు రాసేదానివి ఒక్క పేజీ రాశావు. ఆ ఒక్క పేజీలో నా నటన గురించి ఒక్క ముక్క లేదు. నేను చదువు తక్కువవాణ్ణే గానీ బుద్ధి తక్కువవాణ్ణి కాదు. తేడా కార్డులో లేదు, నాలో ఉంది.

చెబితే నేనేమీ నొచ్చుకోను. నువ్వు ఏడో క్లాసులో వేసిన బొమ్మ చూసి "ఇది గుర్రమా గాడిదా" అన్నది నేనే కదా. రోజూ పొద్దున టేపు గుర్తు నుంచి గుమ్మం దాకా పదిసార్లు నడిచి సాధన చేస్తున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చెడిపోయిందని నా అనుమానం. ఇప్పుడు జేబులో పెడుతున్నాను, కాస్త నయంగా ఉంది. కాదూ కూడదంటే స్టూడియో ఆయన్ని అడుగుతాను. ఆయనకి జుట్టు బాగుంటుంది, అద్దంలో చూసుకోవడం అలవాటు కూడా. చొక్కా నాదే ఇస్తాను.

ఒక్కడివే ఏం చేస్తావని అడిగావు. ఏం చేస్తాను, నోరు మూసుకుని నా పని నేను చేసుకుంటాను. మాట్లాడటానికి ఎవరున్నారని? నవ్వుతున్నారా, డాక్టరు దగ్గరికి వెళ్ళావా అని ఎందుకు అడిగావో అర్థం కాలేదు. చెవుడికి కొత్తగా డాక్టరేం చేస్తాడు? నాకు మతి తప్పిందని ఎవరైనా నీకు రాశారా? ఆ టీచరమ్మేనా?

మామయ్య

*

సెప్టెంబరు 22

మామయ్యా,

ఎవరూ ఏమీ రాయలేదు. నీకు మతి బాగానే ఉంది. నువ్వు బాగా చేశావు, నేను కళ్ళారా చూశాను, గుమ్మం దగ్గర ఆగినప్పుడు నాకు పిడికిలి బిగించడం కూడా గుర్తు రాలేదు. కానీ అది సినిమాలో ఉండదు. స్టూడియో ఆయన్ని అడగొద్దు. సాధన కూడా చేయొద్దు. మళ్ళీ తీయడానికి కెమెరా ఇవ్వరు, నా వంతు అయిపోయింది.

అక్టోబరు ఇరవైకల్లా సినిమా ఇవ్వాలి. ఇవ్వకపోతే ఈ ఏడు పోయినట్టే. నా దగ్గర ఉన్నది చూపించవచ్చో లేదో తేల్చుకోలేకపోతున్నాను. ఇప్పుడింతకంటే రాయలేను. అడగకు మామయ్యా.

గుండుసూది

*

సెప్టెంబరు 27

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. చూపించవచ్చో లేదో అని రాశావు. అర్థమైంది. నలుగురిలో, మీ కాలేజీ పిల్లల ముందు, "ఈ చెవిటాయన మా మామయ్య" అని చూపించుకోవడం కష్టమే. నేను కాదనను. ముందే తట్టి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు, నీ మూడు రోజులూ వృథా అయ్యేవి కావు.

వేరే ఎవరినైనా పెట్టి తీసుకో. ఏడు పోగొట్టుకోకు.

నేలమీద టేపు గుర్తులు పీకేశాను. జిగురు మిగిలింది, కిరసనాయిలుతో తుడిస్తే పోయింది.

ఇట్లు
మీ మామయ్య

*

అక్టోబరు 3

మామయ్యా,

"మీ మామయ్య" అని సంతకం పెట్టావు. నన్ను మీరు అన్నావు. దానికంటే రెండు తగిలిస్తే పోయేది.

అంతా చెబుతాను. నేను మూడు వారాలుగా రాసి చించేసిన ఉత్తరాలు గదిలో బుట్ట నిండా ఉన్నాయి.

మొదటి రోజు పొద్దున, నువ్వు తయారయ్యే లోపల, కెమెరా సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఒకసారి బొత్తాం నొక్కాను. అది నడవడం మొదలుపెట్టిందని గమనించలేదు. కిటికీ వెలుతురు తెరమీద పడి ఎర్ర చుక్క కనపడలేదు. తర్వాత "మొదలు" అని నేను నొక్కినప్పుడు అది ఆగింది. నీ ఎదుటికి పరిగెత్తుకొచ్చాను, చెయ్యి దించాను, నువ్వు చేశావు, పిడికిలి బిగించాను, వెనక్కి వెళ్ళి "కట్" అని నొక్కాను, అప్పుడది నడవడం మొదలైంది. బ్యాటరీ మార్చి కెమెరా తెరిచిన ప్రతిసారీ అలాగే ఒకసారి నొక్కి చూసుకున్నాను, ఆ ఒక్క నొక్కు ఎక్కువై రెండు రోజులూ తలకిందులు. ఇద్దరం ఉంటే రెండోవాళ్ళు తెర చూసేవాళ్ళు. నేను నీ మొహమే చూశాను.

నువ్వు నటించిన ఒక్క టేకు కూడా కెమెరాలో లేదు మామయ్యా. గుమ్మం లేదు, దువ్వెన లేదు. ఉన్నదంతా మధ్యలోది. నేను లైటు జరపడానికి వెళ్ళినప్పుడు, స్టాండు బిగించుకుంటున్నప్పుడు, బ్యాటరీకి కిందికి దిగినప్పుడు, నువ్వు ఒక్కడివే కూచున్నది.

ఇప్పుడు రాయాల్సింది రాస్తున్నాను. కోప్పడు, కానీ చదవడం ఆపకు. నువ్వు లోపల అనుకుంటున్నాననుకున్నవి పైకి అంటున్నావు. మెల్లగానే అయినా స్పష్టంగా. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. మొదట గదిలో ఇంకెవరో ఉన్నారనుకున్నాను. నేను ఎదురుగా ఉంటే అనవు. నేను తలుపు దాటగానే మొదలుపెడతావు. నీ గొంతు నీకు వినపడక నీకు తెలియడం లేదు.

నేను అక్కడున్న పన్నెండేళ్ళలో ఇది లేదు. ఇది నేను వచ్చేశాకే మొదలైంది. నిన్ను ఒంటరిగా వదిలేసి వచ్చి నేనేం నేర్చుకుంటున్నాను? బొత్తాం నొక్కడం కూడా రాలేదు.

అప్పుడు నీ పాత ఉత్తరాలు తీసి చదివాను. టీ కొట్టు ఆయనా, బస్సులో కిటికీ పక్క చోటూ, పై అంతస్తు టీచరమ్మా, నీ సూపర్‌వైజరూ. నీకు చెప్పకపోతే నువ్వు హాయిగా ఉంటావు, వీధంతా మనసెరిగిన మనుషులతో. చెబితే అది పోతుంది. చెప్పకుండా నలుగురికీ చూపిస్తే అది దొంగతనం. అందుకే చేతులు రాలేదు. నిన్ను చూపించుకోవడానికి నేను సిగ్గుపడ్డానని రాశావు. నేను చూసిన మనుషుల్లో నలుగురికీ చూపించాలనిపించింది నిన్నొక్కడినే.

సారుకు ఒక్కరికే చూపించాను. ఆయన హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టారు. "ఇది సినిమా. కానీ ఇవ్వాల్సింది నువ్వు కాదు, ఆయన" అన్నారు.

నువ్వు అన్న మాటలు ఇందులో రాయను. పెన్‌డ్రైవ్ పంపిస్తున్నాను. స్టూడియో ఆయన్ని పెట్టి ఇవ్వమను, పెట్టాక బయటికి వెళ్ళమను. ఇది ఆగి ఆగి నడవదు, పెదవులు చదువుకోవచ్చు. చూసి, వద్దు అంటే వద్దు. ఏడు పోతే పోనీ.

నీ గుండుసూది

*

అక్టోబరు 12

గుండుసూదికి,

చూశాను.

స్టూడియో ఆయన పెట్టి ఇచ్చి, తనే తలుపు చేరవేసుకుని వెళ్ళాడు. చెప్పనవసరం లేకుండానే వెళ్ళాడనుకున్నాను. తర్వాత తట్టింది, బహుశా నేను చెప్పే ఉంటాను.

తెరమీద నీలం గళ్ళ చొక్కాలో ఒక మనిషి కూచుని ఉన్నాడు. వాడి పెదవులు కదులుతున్నాయి. ముప్ఫై ఏళ్ళు అందరి పెదవులూ చదివాను గానీ నావి చదివే అవసరం ఎప్పుడూ రాలేదు. చదివాను. మొదట ఇస్త్రీపెట్టెను తిట్టాను. తర్వాత "కాలరు వంకర పోయింది, అక్క ఉంటే సర్దేది" అన్నాను. మీ అమ్మని తలుచుకున్నట్టు నాకు గుర్తే లేదు. ఆ తర్వాత నువ్వు బ్యాటరీకి వెళ్ళిన పది నిమిషాలు వచ్చాయి.

"పిల్ల చిక్కిపోయింది. అడిగితే తింటున్నానంటుంది. అబద్ధం. వెళ్ళొద్దు అనాలని ఉంది. అంటే ఆగిపోతుంది, పిచ్చిది. చదువు మానేసి ఇక్కడే కూచుంటుంది. అనకూడదు. రేపు బస్సు కదిలేదాకా నోరు మూసుకో. నోరు మూసుకో."

నోరు మూసుకో అని నోరు తెరిచి అన్నవాణ్ణి ఈ లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

అది చూసి నాకు నవ్వు వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది. ఏది పైకి వచ్చిందో తెలియదు, స్టూడియో ఆయన తలుపు తీసి చూసి మళ్ళీ వేశాడు.

ఇంటికి వచ్చేటప్పుడు నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాను. మూడు రోజులు అలాగే తిరిగాను. పళ్ళు బిగించుకుని టీ తాగాను. వేడి చాల్లేదు, అలాగే తాగాను. బస్సులో నిలబడే వెళ్ళాను. రెండేళ్ళుగా నేను ఏమేమి అని ఉంటానా అని ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుంటూ ఉంటే ఇంట్లోంచి కాలు బయట పెట్టబుద్ధి కాలేదు. చొక్కా తొడుక్కుని గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళి విప్పేశాను ఒకరోజు. అప్పుడు తెలిసింది నీ కథలో వాడి సంగతి. కడుపునొప్పి కాదు.

నాలుగో రోజు టీ కొట్టు ఆయన గ్లాసు ఇచ్చి వెళ్ళకుండా నా ఎదురుగా నిలబడ్డాడు. నాకు అందేలా ఒక్కో మాటా విడదీసి అన్నాడు, "ఒంట్లో బాగాలేదా అండీ? మూడు రోజులైంది, ఏమీ అనట్లేదు." "నేను అంటానని మీకు తెలుసా" అని అడిగాను. "వీధి మొత్తానికి తెలుసు" అన్నాడు. "మరి ఎవరూ చెప్పలేదే" అన్నాను. "చెబితే మానేస్తారని" అన్నాడు. టీ తీసుకెళ్ళి మళ్ళీ కాచి తెచ్చాడు.

వాళ్ళు మనసెరిగిన మనుషులు కారని తేలిపోయిందని బాధపడ్డాను గానీ, ఆలోచిస్తే, విని కూడా విననట్టు ఉండి అడిగింది చేసిపెట్టేవాళ్ళని ఏమంటారు? ఆ పేరు మార్చనక్కర్లేదు.

పై అంతస్తు టీచరమ్మ దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాను. మెట్ల మీద ఆవిడ వెనక ఎక్కుతూ, ముగ్గురి తిండి ఒక్కతే తింటుందేమో ఇంత నెమ్మది అనుకున్న మాట నిజమే. ఆవిడ మొహం చిట్లించి, "మీరన్నది అబద్ధం కాదు, కానీ మెట్ల మీద అనాలా" అంది. ఇప్పుడు నమస్కారానికి నమస్కారం పెడుతోంది. సూపర్‌వైజరు దగ్గరికి మాత్రం వెళ్ళను. పొద్దున్నే సంతకం పెడుతూ ఆయన గురించి నేను అనుకున్నది ఇప్పటికీ అనుకుంటున్నాను. గోడౌనే నయం.

నువ్వు వచ్చేశాకే ఇది మొదలైందని నీ నెత్తిన వేసుకున్నావు. దింపు. మగ్గాల షెడ్డులో మేమంతా పైకే అనుకునేవాళ్ళం. కష్టాలు చెప్పుకునేవాడు చెప్పుకునేవాడు, మేస్త్రీని తిట్టేవాడు తిట్టేవాడు, మగ్గం మోతలో పక్కవాడికి కూడా వినపడదు. ముప్ఫై ఏళ్ళు గొంతెత్తి అనుకోవడమే నాకు లోపల అనుకోవడం. అప్పుడు మోత బయట ఉండేది. ఇప్పుడు బయట మోత లేదు, నాకది తెలియదు. అంతే. ఇంట్లో నువ్వుంటే నీతో మాట్లాడేవాణ్ణి కాబట్టి మిగిలేది కాదు. ఇప్పుడు మిగులుతోంది. ఒంటరిగా ఉన్నానా అంటే ఉన్నాను. అబద్ధమెందుకు, కెమెరాలో చూశావుగా. కానీ అది నీ తప్పు కాదు.

సినిమా ఇవ్వు. సారు అన్నట్టు ఇచ్చేది నేను కాబట్టి ఇస్తున్నాను. ఇస్త్రీపెట్టెను తిట్టిన తిట్టు ఒకటి తీసేయి, చూసేవాళ్ళలో ఆడపిల్లలు కూడా ఉంటారు. మిగతాది ఉంచు. "వెళ్ళొద్దు" అన్నది కూడా ఉంచు. అది చూసి చదువు మానేసి బస్సెక్కావంటే మాత్రం గుమ్మంలోనే ఆపుతాను.

నేల తుడిచి, టేపు మళ్ళీ అంటించాను. ఇదివరకటి చోటే, కొలిచి.

ఇంకొక మాట. ఇది నోరు జారి వచ్చింది కాదు, అద్దం ముందు కూచుని, పెదవులు కదలకుండా చూసుకుంటూ రాస్తున్నాను. సెలవులకు రా.

నీ మామయ్య